150 లీటర్ల ట్యాంకుతో కొలరాడో నది వెంట

(గుంటూరులో ఒక గ్రంథాలయ సభలో నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "అమెరికా యాత్రా విశేషాలు వినిపిస్తారు" అన్నారు. విశేషాలంటే లాస్ వేగాస్ దీపాలు, ఎత్తయిన మేడలు అనుకుని వచ్చినవారు ఎవరైనా ఉంటే ముందే చెబుతున్నాను, నా దగ్గర ఆ సరుకు తక్కువ. ఉద్యోగమంతా కాలువ గట్ల మీద గడిపిన మనిషిని తీసుకెళ్ళి ఎడారిలో వదిలితే ఏం చూస్తుంది? నీళ్ళే చూస్తుంది. నీళ్ళు లేనిచోట అవి ఎటు పోయాయని చూస్తుంది. నా యాత్ర అంతా అదే.

మా అమ్మాయి, అల్లుడు అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్ అనే ఊళ్ళో ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. మేం వెళితే వాళ్ళు హోటళ్ళు బుక్ చేస్తామన్నారు. మావారు వద్దన్నారు. ఆయన ఆర్టీసీలో మెకానికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. డిపోలు, వర్క్‌షాపులు, బ్రేక్ డౌన్లు, అదే ఆయన లోకం. అక్కడ రోడ్ల మీద ఇళ్ళు వెళ్ళడం చూశారు. ఆర్వీ అంటారు వాటిని. ముందు ఇంజను, వెనక పడకగది, వంటగది, స్నానాలగది, అన్నీ ఒకే చట్రం మీద. "ఇలాంటి బండి నడపకుండా ఇండియాకు వెనక్కి రాను" అన్నారు. ఇంకేం చేస్తాం?

అద్దెకిచ్చేచోట ఒక కుర్రవాడు వచ్చి చేతిలో టాబ్లెట్ పట్టుకుని ఇది ఫ్రిజ్, ఇది మైక్రోవేవ్, ఇది గ్యాసు అని చెప్పుకుపోతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఈయన లేరు. ఎక్కడున్నారు? బండి కింద! టార్చి వేసుకుని బ్రేకు పైపులు చూస్తున్నారు. బయటికి వచ్చి, ప్యాంటు దులుపుకుని, టైరు పక్కన గొంతుక్కూర్చుని దాని మీద అచ్చుపోసిన నాలుగంకెలు చదివారు. ఆ నాలుగంకెల్లో టైరు ఏ ఏడాది ఏ వారంలో తయారైందో ఉంటుంది. ఆ కుర్రవాడికి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత మైలేజి ఎంతని అడిగారు. మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. మావారి ముఖం చూడాలి. "మన బస్సు యాభై మందిని ఎక్కించుకుని అయిదు దాటిస్తుంది. నా డిపోలో ఈ కేఎంపీఎల్ చూపిస్తే ఛార్జిషీటు ఇచ్చేవాణ్ణి" అన్నారు. అయినా తాళాలు తీసుకున్నారు లెండి.

సరే, బండి ఆయన శాఖ. నా శాఖ ఎక్కడుంది? బండి అడుగున ఉంది. మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్ళది, మా బండిలో అది 150 లీటర్లు. రెండోది గ్రే ట్యాంకు, అంటే సింకులో, స్నానంలో వాడేసిన నీళ్ళు చేరేది. మూడోది బ్లాక్ ట్యాంకు, మరుగుదొడ్డిది. ఇప్పుడు మీరే చెప్పండి, మన దేశంలో నగరాల్లో తలకు రోజుకు ఎన్ని లీటర్లు ఇవ్వాలని ప్రమాణం? 135 లీటర్లు. ఇద్దరికి 270. నా మొత్తం జలాశయం 150. దీంతో ఎడారిలో ఊరికి దూరంగా రోజుల తరబడి ఉండాలి. ఎన్నో ఏళ్ళు టీఎంసీల్లో మాట్లాడిన దాన్ని, గ్లాసుల్లో మాట్లాడటం మొదలుపెట్టాను.

అక్కడ షవరు కింద నిలబడి ఒళ్ళు తడుపుకుని, కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పి కడుక్కోవాలి అని పుస్తకంలో రాసిచ్చారు. నాకు నచ్చలేదు. అమ్మాయి ఇంట్లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ బకెట్టు, చెంబు పట్టుకెళ్ళాను. ఆరు లీటర్లలో ఇద్దరి స్నానాలూ అయ్యేవి. గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడవాలి. పప్పు గిన్నె తుడవకుండా సింకులో పెడితే ఎంత నీరు కావాలో మన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, మగవాళ్ళకు చెప్పినా ప్రయోజనం లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాను. నీళ్ళు అయిపోతాయేమోనని భయపడుతూ ఉంటామా, నిజానికి ముందు వచ్చే చిక్కు అది కాదు. గ్రే ట్యాంకు నిండిపోవడం! అది మంచినీళ్ళ ట్యాంకు కన్నా చిన్నది. తాగేందుకు ఇంకా నీళ్ళున్నాయి, కానీ చెయ్యి కడుక్కుంటే ఆ నీళ్ళు పోవడానికి చోటు లేదు. బయట ఇసుకలో వదిలేయకూడదు. డంప్ స్టేషన్ అని ఉంటుంది, అక్కడికే వెళ్ళాలి. చేతికి తొడుగులు, లావుపాటి ముడతల గొట్టం. ఒక చివర బండికి బిగించి, రెండో చివర నేలలోని రంధ్రంలో పెట్టి, ముందు బ్లాక్ ట్యాంకు వాల్వు లాగాలి, అది ఖాళీ అయ్యాక గ్రే ట్యాంకు వాల్వు. ఎందుకా వరస? రెండో నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది కాబట్టి. ఎవరు కనిపెట్టారో కానీ మంచి ఇంజనీరు.

నీళ్ళు తేవడం గురించి ఆలోచించినంతగా వాడిన నీళ్ళు ఎటు పోతాయని ఆలోచించం. మన కాలువల దగ్గరా అంతే కదా? ప్రధాన కాలువకు ప్రారంభోత్సవం చేస్తారు, మురుగు కాలువకు చేశారా ఎప్పుడైనా? ఈ మాట మనసులో పెట్టుకోండి, ఇంకో రెండు నిమిషాల్లో పనికొస్తుంది.

మేం మొదట వెళ్ళింది పడమటి దిక్కుకు, క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరికి. చుట్టూ ప్రభుత్వపు ఎడారి భూమి. చలికాలంలో ఉత్తరాది మంచు ప్రాంతాల నుంచి, కెనడా నుంచి పెద్దవాళ్ళు ఆర్వీల్లో వచ్చి అక్కడ మకాం వేస్తారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు, ప్రభుత్వానికి కొద్ది రుసుము కడితే చాలు. బండి ఆపే చోట కరెంటు లేదు, కుళాయి లేదు, గీత గీసిన స్థలం లేదు. మేం వెళ్ళేసరికి మార్చి, చాలామంది వెళ్ళిపోతున్నారు. అయినా రాత్రిపూట చూస్తే దూరదూరంగా బండ్ల దీపాలు. అందరూ మా ఈడువాళ్ళే. ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకునేది ఏమిటి? మనవలా? కాదు. ట్యాంకులు! నీవి ఎన్నాళ్ళొస్తాయి, నావి ఎన్నాళ్ళొస్తాయి. నాకు మా శాఖ సమీక్షా సమావేశంలో కూర్చున్నట్టే ఉంది.

అక్కడి నుంచి దక్షిణంగా యూమా, ఆపైన కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇది చూడవలసిన ఆయకట్టు. ఏడాదికి 3 అంగుళాల వాన కూడా సరిగ్గా పడని నేల. దాదాపు 5 లక్షల ఎకరాల సాగు. లెట్యూస్ ఆకుకూర, క్యారెట్, పశువుల మేతకు అల్ఫాల్ఫా గడ్డి. కనుచూపు మేర పచ్చదనం, దాని అంచున కత్తితో కోసినట్టు ఇసుక. అంతా కొలరాడో నది నీళ్ళే, 80 మైళ్ళ కాలువలో వస్తాయి.

వెనక బోర్డు మీద ఒక లెక్క రాశాను, కనబడుతోందా? అమెరికాలో నీళ్ళను ఎకరా-అడుగుల్లో కొలుస్తారు, అంటే ఒక ఎకరంలో అడుగు లోతున నిలిచే నీళ్ళు. 10 లక్షల ఎకరా-అడుగులంటే మన 43.56 టీఎంసీలు. ఈ ఒక్క ఇంపీరియల్ వ్యాలీకి ఉన్న హక్కు 31 లక్షల ఎకరా-అడుగులు. అంటే 135 టీఎంసీలు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం మొత్తానికి ఎంతో తెలుసా? 3 లక్షల ఎకరా-అడుగులు, 13 టీఎంసీలు. ఒక ఆయకట్టుకు 135, ఒక రాష్ట్రానికి 13! ఎందుకలా? ఎవరు ముందు నీళ్ళు తోడుకుంటే వాళ్ళ హక్కు ముందు, ఇదీ అక్కడి పడమటి రాష్ట్రాల న్యాయం. ఒక ప్రైవేటు కంపెనీ 1901 నాటికే కాలువ తవ్వి ఇక్కడి రైతుల చేలకు నీళ్ళు పారించింది. వేగాస్ అప్పటికి ఊరే కాదు.

ఆ కాలువకు ఏమైందో చెప్పాలి. కొలరాడో బురద నది. కాలువ తల దగ్గర పూడిక పడింది. నీళ్ళు అందడం లేదు, పంటలు ఎండుతున్నాయి. కంపెనీవాళ్ళు 1904లో ఇంకొంచెం దిగువన నది గట్టుకు గండికొట్టి కొత్త దారి చేశారు. తలుపులు ఏవి? రెగ్యులేటర్ ఏది? లేదు! తర్వాత కడదామనుకున్నారు. ఇక్కడ మా శాఖవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీకు ఒళ్ళు జలదరించి ఉండాలి. 1905లో వరదలు వచ్చాయి. గండి పెరిగింది. నది మొత్తం దారి మార్చుకుని సముద్రాన్ని వదిలేసి ఈ పల్లంలోకి పరుగెత్తింది. ఒకటి రెండు రోజులు కాదు, 1907 ఫిబ్రవరి దాకా. చివరికి రైల్వే కంపెనీ గండి మీద వంతెన కట్టి, రైళ్ళకు రైళ్ళు బండరాళ్ళు తెచ్చి గుమ్మరిస్తే మూతపడింది. అప్పటికి ఆ పల్లంలో ఒక సముద్రమే తయారైంది. దాని పేరు సాల్టన్ సీ.

మనసులో పెట్టుకోమన్నానే, గ్రే ట్యాంకు? ఈ సాల్టన్ సీ ఇంపీరియల్ వ్యాలీ గ్రే ట్యాంకు. పొలాల్లో పారిన నీళ్ళు ఉప్పు కడుక్కుని, ఎరువులు కడుక్కుని మురుగు కాలువల్లో అక్కడికి చేరతాయి. సముద్రమట్టం కన్నా 200 అడుగులకు పైగా పల్లం అది, బయటికి దారి లేదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఇప్పుడు సముద్రం కన్నా దాదాపు రెట్టింపు ఉప్పన. ఒడ్డున బండి ఆపాం, నేను దిగాను. దూరం నుంచి తెల్లటి ఇసుక అనిపించింది. అడుగు వేస్తే చిటచిటమంది. వంగి గుప్పెడు తీసి చూశాను. ఇసుక కాదు. చేపల ముళ్ళు, సన్నటి గుల్లలు, అన్నీ విరిగి పొడి అయి ఉన్నాయి. చేప వెన్నుపూస ఒకటి చిటికెన గోరంత ఉంది, చిల్లు కూడా చక్కగా కనబడుతోంది. కుళ్ళిన గుడ్డు వాసన. మావారు బండి దిగలేదు. ఇప్పుడు చిత్రం ఏమిటంటే, నీళ్ళు పొదుపు చేయమని రైతులకు చెబితే, వాళ్ళు పొదుపు చేస్తే, మురుగు తగ్గుతుంది. మురుగు తగ్గితే ఈ సరస్సు ఎండుతుంది. ఎండితే ఆ అడుగున ఉన్నదంతా దుమ్మై లేచి ఊళ్ళ మీద పడుతుంది. అక్కడ పిల్లల్లో ఉబ్బసం ఎక్కువ. పొదుపు మంచిదని అందరం అంటాం. కాదనలేం. కానీ ఎవరి ట్యాంకులో తగ్గితే ఎవరి ఊపిరిలోకి వస్తుందో ఆ లెక్క కూడా వేయాలా వద్దా?

అక్కడి నుంచి నది పట్టుకుని ఎగువకు వెళ్ళాం. పార్కర్ డ్యాం. చూడటానికి చిన్నది, నది మట్టం మీద 85 అడుగులు కనబడుతుంది. కానీ మొత్తం ఎత్తు 320 అడుగులు, మిగిలిన 235 అడుగులు నది కిందే ఉంది. గట్టి రాయి తగిలేదాకా అంత లోతు తవ్వారు. దాని వెనక జలాశయం పేరు హవాసు సరస్సు. ఒక ఒడ్డు కాలిఫోర్నియా, ఒక ఒడ్డు అరిజోనా. ఈ ఒడ్డునుంచి లాస్ ఏంజెలిస్ వైపు పంపులు, ఆ ఒడ్డునుంచి ఫీనిక్స్ వైపు పంపులు. ఒకే జలాశయానికి రెండు వైపులా రెండు రాష్ట్రాల తోడిపోతలు. ఎక్కడో చూసినట్టు అనిపిస్తోందా? శ్రీశైలం, ఒక పక్క పోతిరెడ్డిపాడు, ఒక పక్క కల్వకుర్తి. నేను అక్కడ నిలబడి గట్టిగా నవ్వితే పక్కన చేపలు పడుతున్న పెద్దాయన వింతగా చూశాడు. పాపం, ఆయనకు నేనెలా వివరించను?

ఇంకా వినండి. 1934లో ఈ డ్యాం కడుతుంటే అరిజోనా గవర్నరు మా నీళ్ళు కాలిఫోర్నియాకు పోతాయని సైనికులను పంపించాడు. నిజంగా, నేషనల్ గార్డ్ దళాన్ని! పరిశీలనకు వెళ్ళిన బృందం రెండు పాత పడవలు అరువు తెచ్చుకుంది. దానికి పత్రికలు 'అరిజోనా నౌకాదళం' అని పేరు పెట్టాయి. పడవ తీగల్లో చిక్కుకుంటే లాగి ఒడ్డున పడేసింది ఎవరు? కాలిఫోర్నియావాళ్ళే. మనం నవ్వుతున్నాం కానీ, 2023 నవంబరు ఆఖరున నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడలేదా? సగం గేట్లు ఇటు, సగం గేట్లు అటు అని ముళ్ళకంచె వేయలేదా? మనకు పడవలు లేవు, అంతే తేడా.

ఆ తగువు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళి 1963లో తేలింది, అరిజోనా గెలిచింది. 336 మైళ్ళ కాలువ తవ్వి, నీళ్ళను 2,900 అడుగులు పైకి ఎత్తి ఫీనిక్స్‌కు, టూసాన్‌కు తీసుకుపోయారు. ఆ మొదటి పంపుహౌసుకు ఎవరి పేరు పెట్టారో చెప్పుకోండి చూద్దాం. ఇంజనీరు పేరు కాదు. మార్క్ విల్మర్, కేసు గెలిపించిన వకీలు! మా జాతికి ఇంతకన్నా అవమానం లేదు. కానీ ఆ కాలువకు కేంద్రం డబ్బు ఇవ్వాలంటే 1968లో ఒక షరతుకు ఒప్పుకోవలసి వచ్చింది. కరవు వస్తే ముందు ఈ కాలువకే కోత, కాలిఫోర్నియా తర్వాతే. 2021 ఆగస్టులో ఆ రోజు రానే వచ్చింది, నది మీద మొట్టమొదటి కొరత ప్రకటన. మరుసటి ఏడాది అరిజోనా వాటాలో 18 శాతం పోయింది. దెబ్బ తగిలింది ఫీనిక్స్, టూసాన్ల మధ్య రైతులకు. ఆ దారిన వెళ్ళినప్పుడు బీడుపడ్డ చేలు చూశాను. గట్లు అలాగే ఉన్నాయి, తూములు అలాగే ఉన్నాయి.

హూవర్ డ్యాం గురించి మీరు ఇంటర్నెట్టులో చూసే ఉంటారు, త్వరగా చెప్పేస్తాను. 726 అడుగుల ఎత్తు, మన సాగర్ 409. సాగర్ రాతికట్టడం, వేల మంది కూలీల చేతి పని. హూవర్ కాంక్రీటు, 1935లో ప్రారంభించారు. అంత కాంక్రీటు ఒకేసారి పోస్తే అది చల్లారడానికి వందేళ్ళు పట్టేదట. అందుకని దిమ్మలు దిమ్మలుగా పోసి, లోపల సన్నటి గొట్టాలు వేసి చల్లటి నీళ్ళు పారించారు. ఆ గొట్టాల పొడవు 582 మైళ్ళు. కూలీలు కాంక్రీటులో కూరుకుపోయారని ఒక కథ చెబుతారు, అది నిజం కాదు. మనిషి శరీరం లోపల ఉంటే అక్కడ కట్టడం బలహీనపడుతుంది, ఏ ఇంజనీరూ ఊరుకోడు. చనిపోయినవాళ్ళు మాత్రం చాలామందే, ఇతర కారణాలతో.

వెనక జలాశయం లేక్ మీడ్. సాగర్ కన్నా సుమారు మూడు రెట్లు. నేను డ్యాం కన్నా దాన్నే ఎక్కువసేపు చూశాను. రాతి మీద తెల్లటి పట్టీ, కొండ చుట్టూ. ఒకప్పుడు నీళ్ళు అంతవరకు ఉండేవి, ఖనిజాలు అంటుకుని తెల్లబడింది. దాదాపు 150 అడుగుల పట్టీ. 2022 వేసవిలో నీళ్ళు నింపిన తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పోయింది. వేగాస్ సంగతి ఒక్క మాట. జూదాల ఊరని మనం తిడతాం కానీ నీళ్ళ విషయంలో ఆ ఊరు బుద్ధిమంతురాలు. ఇళ్ళలో, హోటళ్ళలో వాడిన నీళ్ళను దాదాపు అన్నీ శుద్ధిచేసి మళ్ళీ లేక్ మీడ్‌కే పంపుతుంది. ఎవరూ నడవని అలంకారపు పచ్చికకు ఈ నది నీళ్ళు పెట్టకూడదని 2021లో చట్టం చేశారు. 13 టీఎంసీలవాడి జాగ్రత్త 135 టీఎంసీలవాడికి ఉంటుందా? ఉండదు. ఎక్కడైనా అంతే.

ఇప్పుడు అసలు చోటుకు వస్తున్నాను. అమ్మాయి వేసిన జాబితాలో ఇది లేదు, నేను పట్టుబట్టి వెళ్ళాను. లీస్ ఫెర్రీ. గ్రాండ్ కాన్యన్ మొదలయ్యే చోటు, ఉత్తర అరిజోనాలో. ఎర్రటి నిటారు కొండల మధ్య నది కాస్త మెల్లగా, వెడల్పుగా పోతుంది. అందుకే పూర్వం రేవు పెట్టారు. మా బండి ఆపిన మైదానంలో కరెంటు కనెక్షన్లు లేవు, రాత్రంతా గాలి బండిని ఊపింది. తెల్లవారి ఏటి ఒడ్డుకు నడిచాను. అక్కడ ఉంది.

ఏముంది? గేజి, నదిలో ఎంత నీరు పోతోందో కొలిచే చోటు! రాళ్ళతో కట్టిన చిన్న గది, నది మీద అడ్డంగా ఒక ఇనప తాడు. అంతే. దాని వంక ఎవరూ చూడటం లేదు. రబ్బరు పడవల్లో కాన్యన్‌లోకి వెళ్ళేవాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. నేను మాత్రం చెప్పులు పక్కన విడిచి నిలబడ్డాను, నవ్వకండి. నాలుగు కోట్ల మంది నీళ్ళు, 55 లక్షల ఎకరాల సాగు, ఏడు రాష్ట్రాల తగువు, ఇంకా మెక్సికో, అందరి లెక్కా తేలేది అక్కడ. ఎగువ రాష్ట్రాలు నాలుగు, దిగువ రాష్ట్రాలు మూడు, మధ్య సరిహద్దు అదే.

ఏడు రాష్ట్రాలు 1922 నవంబరులో ఒప్పందం రాసుకున్నాయి. ఎగువకు 75 లక్షల ఎకరా-అడుగులు, దిగువకు 75 లక్షలు. మన లెక్కలో 327, 327 టీఎంసీలు. తర్వాత 1944 సంధిలో మెక్సికోకు 65. మొత్తం సుమారు 719 టీఎంసీలు. మనకు పెద్దగా అనిపించదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒక్క కృష్ణలోనే 811 ఇచ్చారు కదా! కొలరాడో పరీవాహకం కృష్ణ కన్నా రెండున్నర రెట్లు పెద్దది. నేల అంత, నీరు ఇంత. ఎడారి అంటే అదీ.

మరి ఈ 719 నదిలో ఉన్నాయా? లేవు. ఈ శతాబ్దంలో సగటున ఏటా వచ్చినవి సుమారు 540. పంచింది 719, వచ్చింది 540. ఎలా జరిగింది ఈ పొరపాటు? లీస్ ఫెర్రీలో గేజి పెట్టింది 1921లో. ఒప్పందం 1922లో. గేజికి నిండా రెండేళ్ళు లేవు! మిగతా చోట్ల కొలతలు పట్టుకుని అంచనా వేశారు, ఆ ఏళ్ళన్నీ వానలు బాగా పడ్డ ఏళ్ళు. చెట్ల వలయాలు చూసి శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు, కొన్ని వందల ఏళ్ళలో అంత తడి కాలం అరుదని. కృష్ణా నీళ్ళు పంచిన మన బచావత్ ట్రిబ్యునల్ ఏం చేసింది? 78 ఏళ్ళ ప్రవాహాల లెక్కలు ముందు పెట్టుకుంది. సగటు కూడా తీసుకోలేదు. నూటికి 75 ఏళ్ళు కచ్చితంగా వచ్చే నీరు ఎంత అని చూసి 2,060 టీఎంసీలు పంచింది. బచావత్ అవార్డును మనం తిట్టుకుంటాం, ఎవరి బాధ వాళ్ళది. కానీ ఆ 75 శాతం అనే పద్ధతి విలువ నాకు ఆ రాళ్ళగది ముందు తెలిసింది.

అక్కడ ఎవరూ చెప్పలేదా? చెప్పారు. ఇ.సి. లరూ అని ప్రభుత్వ జలశాస్త్రవేత్త, భూగర్భ సర్వేలో పనిచేశాడు. అనుకున్నంత నీరు నదిలో లేదని అప్పుడే, 1920లలోనే రాశాడు. విన్నారా? ఆయన చివరికి ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. నీళ్ళు ఎక్కువున్నాయని చెప్పే ఇంజనీరుకు సన్మానం, తక్కువున్నాయని చెప్పేవాడికి బదిలీ. ముందు వరసలో ఇద్దరు నవ్వుతున్నారు, మా శాఖవాళ్ళని నాకు తెలుస్తోంది.

అక్కడ నీళ్ళు పచ్చగా, స్వచ్ఛంగా ఉన్నాయి. అడుగు రాళ్ళు కనబడతాయి. చెయ్యి పెడితే మంచు. కొలరాడో అంటే ఎర్రమట్టి నది కదా, ఇదేమిటి? 15 మైళ్ళ ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యాం ఉంది, 1963లో గేట్లు దించారు. ఒండ్రు అంతా అక్కడే ఆగిపోతుంది, జలాశయం లోతు నుంచి చల్లటి నీళ్ళు బయటికి వస్తాయి. కొంచెం దిగువన పరియా అని చిన్న వాగు వచ్చి కలుస్తుంది, దాని నీళ్ళు చిక్కటి బురద. పచ్చ నీళ్ళూ ఎర్ర నీళ్ళూ కొంతదూరం కలవకుండా పక్కపక్కన పోతాయి. ఆ ఎర్రదే అసలు రంగు. ఆ ఒండ్రు ఏళ్ళ తరబడి డ్యాం వెనక చేరుతూనే ఉంది. శ్రీశైలంలో పూడిక సర్వేలు చూసినవాళ్ళకు ఇంకేం చెప్పను?

అక్కడి నుంచి దక్షిణంగా అమెరికా మూలవాసులైన నవాహో ప్రజల దేశం. దేశమనే అంటారు, వాళ్ళకు వాళ్ళ ప్రభుత్వం ఉంది. గడియారం కూడా వేరే. అరిజోనా వేసవిలో గంట ముందుకు జరపదు, నవాహోలు జరుపుతారు, వాళ్ళ మధ్య ఉన్న హోపీలు జరపరు. మా ఫోన్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సమయం మార్చుకుంటూనే ఉన్నాయి. మావారు చివరికి చేతి గడియారం పెట్టుకున్నారు.

ఒక ఊళ్ళో నీళ్ళ కోసం ఆగాం. మా ముందు ఒక పికప్ ట్రక్కు, వెనక ఇనప చట్రంలో తెల్లటి పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు. ఒక అమ్మమ్మ, ఆమె మనవడు. పైపు పెట్టి నింపుతున్నారు. నేను మా బండి ట్యాంకు సంగతి చెప్పాను, ఆరు లీటర్లలో స్నానం, కాగితంతో గిన్నెలు, అదీ ఇదీ, కొంచెం గొప్పగానే. ఆవిడ విని, "అవును, అలాగే చేస్తాం" అంది. ఇంకేమీ అనలేదు. నవాహోల ఇళ్ళలో దాదాపు మూడోవంతుకు కుళాయి లేదు. నది వాళ్ళ సరిహద్దు వెంటే పోతోంది! 1922 ఒప్పందంలో ఏడు రాష్ట్రాలు కూర్చున్నాయి, వాళ్ళను పిలవలేదు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఏమంది? వాళ్ళకు నీళ్ళు చూపించే బాధ్యత, పూర్వం వాళ్ళతో చేసుకున్న సంధి ప్రకారం, కేంద్ర ప్రభుత్వానికి లేదంది. అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు. ముందు వాడినవాడిదే హక్కు అన్నారు కదా ఇంపీరియల్ వ్యాలీలో? మరి నవాహోలు ఎప్పటి నుంచి ఉన్నారు? నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది.

గ్రాండ్ కాన్యన్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 277 మైళ్ళ పొడవు, మైలు లోతు, ఒక్కోచోట 18 మైళ్ళ వెడల్పు. దాన్ని వర్ణించే శక్తి నాకు లేదు, ఫోటోలు తర్వాత చూపిస్తాను. అడుగున ఉన్న నల్లటి రాయి పేరు విష్ణు షిస్ట్, 170 కోట్ల ఏళ్ళ నాటిది. పైన శిఖరాల పేర్లు విష్ణు, శివ, బ్రహ్మ, రామ. 1880లలో క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రపంచ దేశాల దేవుళ్ళ పేర్లు పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. పటంలో కృష్ణ పేరుతోనూ ఒక శిఖరం ఉంది. మావారు "నీ ప్రాజెక్టు ఇక్కడా వచ్చిందే" అన్నారు.

నేను చూసింది మాత్రం ఇంకొకటి. దక్షిణపు గట్టున హోటళ్ళు, క్యాంపులు, ఏటా లక్షల మంది. తాగేనీళ్ళు ఎక్కడివి? అడుగున నది కనబడుతూనే ఉంది, ఆ నీళ్ళు కాదు. ఎదుటి గట్టు కింద కొండలోంచి దూకే రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊట నుంచి, 1960లలో వేసిన అల్యూమినియం గొట్టంలో, లోయలోకి దిగి, నది దాటి, మళ్ళీ ఈ గట్టు మీదికి. పన్నెండున్నర మైళ్ళు. వయసైపోయింది, మాటిమాటికీ పగులుతుంది. హెలికాప్టర్లో మనుషులు, పైపు ముక్కలు దిగాలి. ఇప్పుడు కొత్తది వేస్తున్నారు. మేం ఉన్న క్యాంపులో కుళాయి దగ్గర వరస కట్టాం, తిప్పగానే నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు అక్కడిదాకా ఎలా వచ్చాయో తెలిసినవాళ్ళు ఆ వరసలో ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఖర్చెంత, వీసా ఎలా, మన లైసెన్సుతో బండి ఇస్తారా అని అడిగేవాళ్ళకు మావారు చెబుతారు, రెండో వరస చివర ఉన్నారు. నది గురించైతే నన్ను అడగండి. వెనక ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. చెప్పమ్మా.